రోహిణి కార్తెలో చలి వేసిన కారు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. 2025లో సరిగ్గా ఆ కార్తెలోనే, నెల్లూరు ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు కింద, చొక్కా వీపుకి అతుక్కుపోయి నిలబడి ఉన్నప్పుడు నాకు తెలిసింది, నా కారుకు చలేస్తోందని. తమాషాకి అనడం లేదు. అప్పటికి ఏడు నెలలుగా నా కారు ఇంకా ఒళ్లు వెచ్చబడలేదనే భ్రమలో తిరుగుతోంది. ఆ భ్రమకు ఆఖరి నెలల్లో నెలకు దాదాపు పదిహేను వందల రూపాయల పెట్రోలు పోశాను. అది చాలదన్నట్టు, ఏ పాపమూ ఎరగని ఒక సెన్సర్‌ని అయిదు వేల చిల్లర పెట్టి మార్పించాను.

మైలేజీ తగ్గితే మనం పట్టుకునే దొంగలు ఎప్పుడూ వాళ్లే. బంకు వాడు, ఏసీ, ఈ మధ్య పెట్రోల్లో కలుపుతున్న ఎథనాల్. ఇంజిన్ లైటు వెలిగితే మాత్రం స్కానర్ ఏ పేరు చెబితే ఆ పార్టు మార్చేస్తాం. ఈ రెండో అలవాటు మొదటిదానికంటే ఖరీదైనదని నా వాదన. ఎందుకో చెప్పాలంటే ముందు నా నోట్‌బుక్కు సంగతి చెప్పాలి.

మా నాన్న రైస్ మిల్లులో గుమాస్తా. పద్దు రాయని రోజు ఆయనకు అన్నం సయించేది కాదు. ఆ జబ్బు నాకూ వచ్చింది. 2017 చివర్లో ఈ పెట్రోలు కారు కొన్నప్పటి నుంచి పట్టించిన ప్రతి ఫుల్ ట్యాంకూ, ఆ రోజు మీటరు రీడింగూ ఒక నోట్‌బుక్కులో రాసి ఉన్నాయి. డ్యాష్‌బోర్డు మీద కారు చూపించే మైలేజీని నేను నమ్మను. పెళ్లి సంబంధం మాట్లాడే పేరయ్య పిల్లాడి జీతం చెప్పినట్టు, అది కాస్త పెంచి చెబుతుంది. ట్యాంకు నిండా పట్టించడం, మళ్లీ నిండా పట్టించేదాకా తిరగడం, తిరిగిన కిలోమీటర్లని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించడం. ఇంతే లెక్క. ఒక్క ట్యాంకు లెక్క తప్పుతుంది. బంకులో నాజిల్ ఎప్పుడు ఆగిందన్న దాన్నిబట్టే ఒక లీటరు అటూ ఇటూ అవుతుంది. నాలుగైదు ట్యాంకుల సగటు మాత్రం అంత తేలిగ్గా తప్పదు.

ఏడేళ్లు నా సగటు లీటరుకు 16.8 కిలోమీటర్లు. రోజూ ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు, తిరిగి నాలుగు. వారానికోసారి ఇందుకూరుపేట వైపు అత్తగారి ఊరు. నెలకో రెండు నెలలకో హైవే మీద ఒంగోలు. 2024 నవంబరులో అది 16.1 అయింది. డిసెంబరులో 15.4. సంక్రాంతికి 15 లోపు. మార్చికి 13.9. ఏప్రిల్‌లో ఒక ట్యాంకు 13.4 ఇచ్చింది. నెలకు తొమ్మిది వందల కిలోమీటర్లు తిరిగేవాడికి 16.8 నుంచి 13.4కి పడడమంటే పదమూడున్నర లీటర్లు ఎక్కువ. అప్పుడు మా దగ్గర లీటరు 110కి అటూ ఇటూ. లెక్క మీరే వేసుకోండి.

ముందు బంకు మార్చాను. మినీ బైపాస్ మీద ఒకటి, ట్రంకు రోడ్డులో ఒకటి, కావలి దాటాక హైవే మీద ఒకటి. మూడింటిలోనూ అదే వరస. టైర్లలో గాలి చూపించాను, సరిగానే ఉంది. ఎయిర్ ఫిల్టర్ మార్చాను. ఆఫీసులో మా సహోద్యోగి ఒకాయన నవ్వి, "ఏంది సామీ, నువ్వింకా లెక్కలేస్తా ఉండావా? ఎథనాల్ పెట్రోలు వచ్చినాక అందరికీ ఇంతే" అన్నాడు. ఆయన బండికీ తగ్గిందట. ఎంత తగ్గిందంటే చెప్పలేడు, ఆయనకు నోట్‌బుక్కు లేదు.

ఆ మాటలో కొంత నిజముంది. లీటరు ఎథనాల్‌లో లీటరు పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ శక్తి ఉంటుంది. నూటికి ఇరవై పాళ్లు అది కలిపితే, మొత్తం మీద ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. పది పాళ్ల నుంచి ఇరవైకి వెళ్లినప్పుడైతే మూడు శాతం పైచిలుకు. మైలేజీ గోల పెద్దదయ్యాక 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ కూడా, ఇరవైకి తగ్గట్టు ట్యూన్ చేసిన కార్లకు ఒకటి రెండు శాతం, మిగతావాటికి మూడు నుంచి ఆరు శాతం తగ్గవచ్చని చెప్పింది. సరే, ఆరే అనుకుందాం. నాకు తగ్గింది ఇరవై. మిగతా పద్నాలుగు శాతం ఎవరు తాగారు?

ఇరవై శాతం నష్టానికి ఆరు శాతం కారణం దొరికితే చాలు, మనం హాయిగా నిద్రపోతాం. అందరూ తిట్టేదాన్ని మనమూ తిడితే వెతికే పని తప్పుతుంది కదా.

ఏప్రిల్ నెలాఖరున పసుపు రంగు ఇంజిన్ లైటు వెలిగింది. నాకు ఒక రకంగా సంతోషమేసింది, కారే నోరు విప్పిందని. నేనెప్పుడూ సర్వీసు చేయించే గ్యారేజీకి తీసుకెళ్లాను. ఆ గ్యారేజీ పేరు ఇక్కడ అక్కర్లేదు. కుర్రాడు స్కానర్ తగిలించి, కారు చూపించిన లోపం కోడ్ చదివి, "పి0172 సార్, మిక్చర్ రిచ్. ఆక్సిజన్ సెన్సర్ పోయింది" అన్నాడు. పది నిమిషాల పని. కొత్త సెన్సర్, మజూరీ కలిపి అయిదు వేల రెండొందలు. లైటు ఆరిపోయింది. పాత సెన్సర్‌ని పాత పేపర్లో చుట్టి నా చేతిలో పెట్టారు. దాని మొన మీద మసి ఉంది. "చూశారా, ఎలా అయిపోయిందో" అన్నాడు కుర్రాడు. నేనూ చూసి తల ఊపాను.

ఎనిమిదో రోజున, ఆత్మకూరు బస్టాండు దగ్గర ట్రాఫిక్‌లో, అదే లైటు మళ్లీ వెలిగింది.

ఆ కుర్రాడు చేసిన తప్పు నేనూ చేశాను, మీలో చాలామంది చేసి ఉంటారు. అందుకే ఇక్కడ కొంచెం ఆగుతాను.

ఆక్సిజన్ సెన్సర్ కొత్త వస్తువేం కాదు. 1976లో బాష్ కంపెనీ దాన్ని పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది, ముందుగా అమెరికాకు పోయే వోల్వో కార్లలో వచ్చింది. జిర్కోనియా అనే ఒక రకం పింగాణీ అందులో ఉంటుంది. దానికి ఒక పక్క ఇంజిన్ వదిలే పొగ, ఇంకో పక్క బయటి గాలి. రెండింటిలో ఆక్సిజన్ తేడాని బట్టి అది కొద్దిపాటి వోల్టేజీ పుట్టిస్తుంది. పొగలో ఆక్సిజన్ మిగిలి ఉంటే 0.1 వోల్టు దగ్గర, మిగలకుండా పెట్రోలే ఎక్కువైతే 0.9 దగ్గర. మూడొందల డిగ్రీలు దాటి కాగితే తప్ప అది సరిగా పలకదు, అందుకే లోపల చిన్న హీటరు కూడా పెడతారు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఆ పాళ్లు తప్పుతున్నాయా లేదా అని సెకనుకు ఒకసారో రెండుసార్లో ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి చెబుతుండడమే దాని పని. మా ఇంట్లో పులుసు మరుగుతుంటే మా అమ్మ గరిటెతో అరచేతిలో చుక్క వేసుకుని నాకి, "ఉప్పు చాల్లేదు" అన్నట్టు. కంప్యూటర్ వెంటనే చిటికెడు వేస్తుంది. "ఎక్కువైంది" అంటే తగ్గిస్తుంది.

ఇప్పుడు కోడ్ ఏం చెప్పింది? "మిక్చర్ రిచ్". అంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది. ఈ మాట కంప్యూటర్‌కి చెప్పింది ఎవరు? ఆక్సిజన్ సెన్సరే. అంటే ఊళ్లో దొంగతనం జరుగుతోందని కేకేసింది అది. మేమేం చేశాం? కేకేసినవాడిని పట్టుకుని స్తంభానికి కట్టేసి, వాడి స్థానంలో కొత్త కాపలావాడిని పెట్టాం. కొత్తవాడూ బుద్ధిమంతుడే కాబట్టి, వారం తిరిగేసరికి వాడూ అదే కేక వేశాడు. మధ్యలో ఆ వారం లైటు ఎందుకు ఆరిందంటే, కోడ్ చెరిపేసినప్పుడు కంప్యూటర్ అంతకు ముందు నేర్చుకున్నదంతా కూడా చెరిగిపోతుంది. మళ్లీ మొదటి నుంచి నేర్చుకుని, తప్పును ఒకటికి రెండుసార్లు చూసి నిర్ధారించుకుని గానీ లైటు వెలిగించదు. రిపేరు ఫలించిందని మనం అనుకునే ఆ గడువు అదే. ఈలోగా బిల్లు కట్టేసి ఉంటాం.

ఆక్సిజన్ సెన్సర్లు అసలు పాడవవని అనడం లేదు. పాడవుతాయి. వయసు మీద పడి మందగిస్తాయి, హీటరు తెగిపోతుంది, ఎక్కడో సిలికాన్ అంటుకుని గుడ్డివవుతాయి. అప్పుడు పెట్రోలు ఖర్చు పెరగడమూ నిజమే. అమెరికా ప్రభుత్వం నడిపే ఇంధన పొదుపు వెబ్‌సైటులో, ఆక్సిజన్ సెన్సర్ లాంటి పెద్ద లోపం సరిచేస్తే మైలేజీ 40 శాతం దాకా మెరుగుపడవచ్చని రాసి ఉంది. సెన్సర్లు అమ్మేవాళ్లందరికీ ఆ వాక్యం నోటికి వచ్చు. కానీ ఆ "దాకా" అనే మాటని గమనించండి. ఆషాఢంలో చీరల కొట్టు ముందు "50 శాతం దాకా" అని బ్యానరు కడతారు. లోపలికి వెళితే ఆ యాభై ఉన్న చీర ఒకటే ఉంటుంది, అంచు చిరిగి.

మళ్లీ లైటు వెలిగాక గ్యారేజీకి వెళ్లలేదు. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే ఒక చిన్న బ్లూటూత్ అడాప్టర్ దొరుకుతుంది. స్టీరింగు కింద ఉండే సాకెట్టులో గుచ్చి, ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే, ఇంజిన్ కంప్యూటర్‌కి ఏ సెన్సర్ ఏం చెబుతోందో కనిపిస్తుంది. మన దేశంలో 2013 ఏప్రిల్ తర్వాత వచ్చిన భారత్ స్టేజ్-4 కార్లలో ఆ ఏర్పాటు ఉంటుంది. కోడ్‌లు చదవడం దాని పనుల్లో చిన్నది. అసలు విలువ లైవ్ డేటాది. అందులో ఫ్యూయల్ ట్రిమ్ అని ఒక అంకె ఉంటుంది. కంప్యూటర్‌లో ముందే రాసిపెట్టిన కొలత కంటే పెట్రోలు ఎంత శాతం ఎక్కువ (ప్లస్) లేదా తక్కువ (మైనస్) వేయాల్సి వస్తోందో అది చెబుతుంది. ప్లస్ అయిదు, మైనస్ అయిదు మధ్య ఉంటే నిశ్చింత. పది దాటితే ఆలోచించాలి.

నాది మైనస్ 19.

ఆ అంకె చూశాక రెండు విషయాలు నాకు తేటతెల్లమయ్యాయి. ఒకటి ఎథనాల్ గురించి. ఎథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది, కాబట్టి అదే గాలికి అది పెట్రోలు కంటే ఎక్కువ పరిమాణంలో కావాలి. 14.7 అనే అంకె ఇరవై పాళ్ల పెట్రోలుకు పదమూడున్నర అవుతుంది. అందుకని ఎథనాల్ పెరిగితే ఆక్సిజన్ సెన్సర్ "చాల్లేదు" అంటుంది, ట్రిమ్ ప్లస్ వైపు జరుగుతుంది. నాది మైనస్‌లో ఉంది, అదీ ఎథనాల్ ప్లస్ వైపు లాగుతుండగా. నా పద్నాలుగు శాతాన్ని ఎథనాల్ తాగి ఉండటానికి వీల్లేదు.

రెండోది, నేను పారేయించిన సెన్సర్ గురించి. అది నిజంగా చెడిపోయి, లేని పెట్రోలుని ఉన్నట్టు చెప్పి ఉంటే, కంప్యూటర్ దాన్ని నమ్మి పెట్రోలు కోసేసేది. అప్పుడు బండికి పికప్ పోయి, గతుకుతూ నడిచేది, పెట్రోలు ఎక్కువ తాగేది కాదు. "చాల్లేదు" అని అబద్ధం చెప్పి ఉంటే ట్రిమ్ ప్లస్‌కి వెళ్లేది. మైలేజీ పడి, ట్రిమ్ మైనస్ అయిందంటే ఆ సెన్సర్ చెప్పింది నిజం. మొన మీద మసి దాని రోగం కాదు, దానికి దొరికిన సాక్ష్యం. ఈ లెక్కకు ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. స్కానర్ చేతిలో ఉన్న కుర్రాడు ఒక్క పేజీ వెనక్కి వెళ్లి ఆ అంకె చూసి ఉంటే నా అయిదు వేలు మిగిలేవి. చూడలేదు, ఎందుకంటే చూసినందుకు బిల్లు లేదు, మార్చినందుకు ఉంది.

మరి ఎక్కువ పెట్రోలు వేయమని కంప్యూటర్‌కి చెబుతున్నది ఎవరు? పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కారవచ్చు. ట్యాంకు ఆవిర్లని ఇంజిన్‌లోకి వదిలే వాల్వు ఇరుక్కుపోవచ్చు. గాలి ఒత్తిడి కొలిచే సెన్సర్ తప్పు చెప్పవచ్చు. నేను యాప్ చూస్తూ రెండు వారాలు కుస్తీ పట్టాను. ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్, దాని వేడి చెప్పే సెన్సర్‌ని కూడా అనుమానించి, యూట్యూబ్‌లో చెప్పినట్టు పరీక్ష పెట్టాను. రాత్రంతా నిలబెట్టిన బండిలో పొద్దున్నే స్టార్ట్ చేయకముందు కూలెంట్ వేడి, లోపలికి వచ్చే గాలి వేడి దాదాపు ఒకటిగా ఉండాలి. ఒకటి 26 చూపించింది, ఇంకొకటి 30. నాలుగు డిగ్రీలే కదా అని దాన్ని నిర్దోషిగా వదిలేశాను. నేనూ ఆ కుర్రాడికి తీసిపోలేదన్నమాట.

ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఉన్నాడని మా బావమరిది చెప్పాడు. రొయ్యల చెరువుల దగ్గర ఏరియేటర్ల మోటార్లకు, లారీల వైరింగుకు ఆయన పెట్టింది పేరట. అందరూ మేస్త్రీ అంటారు. ఆయన దగ్గర స్కానర్ లేదు. నా ఫోన్‌ని తీసుకుని, అద్దాలు నుదుటి మీదికి ఎత్తి, కాసేపు చూశాడు.

"దీంట్లో వేడి ఎంతని చెప్తా ఉండాది?"

"అరవై."

"ఎంత దూరం నుంచి వస్తా ఉండావ్?"

వేదాయపాళెం నుంచి, ఈ ఎండలో, అన్నాను. ఆయన బానెట్ ఎత్తి, రేడియేటర్‌లోకి వెళ్లే పై గొట్టం మీద అరచెయ్యి పెట్టి, టక్కున తీసేశాడు.

"ఇదేమో అరవై అంటా ఉండాది, చెయ్యేమో కాలిపోతా ఉండాది. నీ బండి చలికాలంలో ఉండాననుకుంటా ఉందబ్బయ్యా."

చిన్నప్పుడు మా నాన్నకి చేతక్ స్కూటర్ ఉండేది. చలికాలం పొద్దున చోక్ లాగి స్టార్ట్ చేసి, కాస్త కాగాక చోక్ లోపలికి తోయాలి. తోయడం మరిచిపోతే బండి నల్లగా పొగ వదులుతూ, పెట్రోలు కంపు కొడుతూ ఊరంతా తిరిగేది. చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు, గోడలకి అంటుకుపోతుంది. అందుకని ఎక్కువ వేయాలి. ఇప్పటి కార్లలో చోక్ లేదు, కూలెంట్ సెన్సర్ చెప్పిన వేడిని బట్టి ఆ పని కంప్యూటరే చేస్తుంది. ఇంజిన్ ఇంకా వెచ్చబడలేదని ఆ సెన్సర్ చెప్పినంతసేపూ కంప్యూటర్ పెట్రోలు కాస్త ఎక్కువ వేస్తుంది, ఐడిలింగు పెంచి ఉంచుతుంది, కాలు యాక్సిలరేటర్ మీంచి తీసినప్పుడు కోసేయాల్సిన పెట్రోలుని కోయకుండా ఉంచుతుంది. ఆక్సిజన్ సెన్సర్ వెనక నుంచి "ఎక్కువైంది, ఎక్కువైంది" అని లాగుతూ ఉంటుంది. కానీ దాని పట్టుకు ఒక హద్దుంది. స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లోనూ, గట్టిగా తొక్కినప్పుడూ దాని మాట వినేవాడే లేడు. నావి నాలుగు కిలోమీటర్ల ప్రయాణాలు. ఒంగోలు వెళ్లొచ్చిన ట్యాంకుల్లో మైలేజీ అంతగా పడలేదని నోట్‌బుక్కులో ఉంది. నేను ఆ తేడాని ఏసీ ఖాతాలో రాసేశాను.

సరే, సెన్సర్ మార్చాలా అన్నాను. పర్సు మీదికి చెయ్యి పోయింది కూడా.

"తొందరెందుకు?" అని మేస్త్రీ సెన్సర్‌కి వైర్లు తగిలించే కప్లర్ పీకాడు. లోపల రెండు పిన్నులకీ పచ్చగా చిలుము. నాకు చూపించి, ముందు సెన్సర్‌కి మల్టీమీటర్ పెట్టాడు. రెండొందల నలభై ఓమ్‌ల చిల్లర. ఇంజిన్ ఆ వేడిలో ఉండగా అది ఉండాల్సిన అంకే. సెన్సర్ బంగారంలా ఉంది. ఉప్పు కాగితం సన్నగా మడిచి పిన్నులు రుద్దాడు, స్ప్రే కొట్టాడు, వదులైన పిన్నుని సూదితో బిగించి, చిరిగిన రబ్బరు సీలు స్థానంలో వేరేది పెట్టాడు. సముద్రపు ఉప్పు గాలి తెచ్చిన రోగానికి ఉప్పు కాగితమే మందయిందని నాకు నవ్వొచ్చింది, ఆయన నవ్వలేదు. స్టార్ట్ చేస్తే ఫోన్‌లో 88. రెండు నిమిషాలకు 93. రేడియేటర్ ఫ్యాన్ దానంతటది తిరిగింది. "మూడొందలియ్యి" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ అంకెలతో కూర్చున్నాను. ఈ తరహా సెన్సర్లు వేడెక్కే కొద్దీ కరెంటుకు అడ్డం తగ్గిస్తాయి, ఆ అడ్డాన్నే ఓమ్‌లలో కొలుస్తారు. ఇరవై డిగ్రీల దగ్గర దాదాపు 2,500 ఓమ్‌లు, ముప్పై దగ్గర 1,700, అరవై దగ్గర 600, తొంభై దగ్గర 240. చిలుము మధ్యలో చేరి ఒక 350 ఓమ్‌లు కలిపిందనుకోండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 1,700కి 350 కలిస్తే నాలుగైదు డిగ్రీల తేడా. నేను వదిలేసింది దాన్నే. బండి కాగాక 240కి అదే 350 కలిస్తే 590. కంప్యూటర్‌కి అది అరవై డిగ్రీలు. పేదవాడి దగ్గర పోయిన వంద, షావుకారు దగ్గర పోయిన వంద ఒకటి కాదు కదా, అలాగన్నమాట. వైరు పూర్తిగా తెగిపోయి ఉంటే కంప్యూటర్ మైనస్ నలభై డిగ్రీలు చదివి, ఇది నెల్లూరులో కుదరదని పట్టేసి, మొదటి రోజే సరైన కోడ్ పెట్టేది. చచ్చిన సెన్సర్ వెంటనే దొరికిపోతుంది. సగం నిజం చెప్పేదే దొరకదు. అరవై డిగ్రీలనేది ఏ ఇంజిన్‌కైనా ఉండదగ్గ వేడే. ఇంజిన్ ఎంతకీ కాగడం లేదని గమనించి పి0128 అనే కోడ్ పెట్టే కార్లున్నాయి. నాది పెట్టలేదు.

ఆ లెక్కలోనే ఇంకొకటి కనిపించి ఒళ్లు జలదరించింది. ఇంజిన్ నిజంగా నూటపది డిగ్రీలకు చేరినా ఆ చిలుముతో కంప్యూటర్‌కి 66 దాటి కనిపించదు. అంటే రేడియేటర్ ఫ్యాన్ తిరగదు. ఎర్ర లైటు వెలగదు, అదీ ఆ సెన్సర్ మాటే వింటుంది. మరి ఏడు నెలలు ఇంజిన్ ఎలా బతికింది? ఏసీ వేస్తే ఫ్యాన్ దాంతో పాటు తిరుగుతుంది. నెల్లూరులో ఏసీ లేకుండా కారెక్కేదెవరు? జనవరిలో ఏసీ ఆపి అద్దాలు దించుకుని తిరిగిన సాయంత్రాలు మైపాడు రోడ్డు మీద గాలి రేడియేటర్‌ని కాపాడింది. ఏసీ లేకుండా పెన్నా వంతెన మీద ఒక అరగంట ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటే ఇంజిన్ కాగిపోయి హెడ్ గ్యాస్కెట్ పోయేది. ఏసీ వల్లే మైలేజీ పోతోందని నేను తిట్టుకున్న నెలల్లో ఇంజిన్‌ని బతికించింది ఏసీయే.

నా కారులో వేడి చూపించే సూది లేదు. చల్లగా ఉంటే నీలం లైటు, కాగిపోతే ఎర్ర లైటు, అంతే. పాత కార్లలో సూది ఉండేది. అది సగానికి రాకపోతే డ్రైవర్లు బానెట్ ఎత్తేవాళ్లు. సూది తీసేసి లైటు పెట్టడం కస్టమర్ కంగారు పడకుండా ఉండడానికట. నన్నడిగితే నన్ను కంగారు పెట్టమనే అంటాను. కారులో సినిమా చూడడానికి తొమ్మిది అంగుళాల తెర ఇస్తున్నారు, అందులో ఒక మూల కూలెంట్ ఎన్ని డిగ్రీలు, ట్రిమ్ ఎంత అని రెండు అంకెలు చూపిస్తే వాళ్ల సొమ్మేం పోదు. ఆ అంకెలు ఎలాగూ లోపల తిరుగుతూనే ఉన్నాయి. మార్చిలోనే మావాడు వెనక సీటులోంచి, "నాన్నా, ఆ నీలం లైటు ఇంకా పోలేదేంటి?" అని అడిగాడు. పోతుంది లేరా అన్నాను. పోయింది కూడా, రెండు కిలోమీటర్ల తర్వాత.

గ్యారేజీల వాళ్లతో నాకు తగాదా లేదు. కుర్రాళ్లకు స్కానర్ ఇచ్చారు, స్కానర్ చూపించే అంకెల అర్థం చెప్పేవాళ్లని ఇవ్వలేదు. నేను మాత్రం ఇప్పుడు ఒకటే అడుగుతున్నాను. ఏ సెన్సర్ మార్చాలన్నా, మార్చకముందు లైవ్ డేటా నా ముందు చూపించండి. ఆ అంకె ఎందుకు తప్పో, ఉండాల్సింది ఎంతో చెప్పండి. కప్లర్ పీకి పిన్నులు చూపించండి. ఇది అడిగితే మొహం మాడ్చుకునే చోట పని చేయించను. మొన్న మా సహోద్యోగి బండికి లైటు వెలిగితే ఆయన తరఫున వెళ్లి ఇదే అడిగాను. ఆయనకు నిజంగానే ఆక్సిజన్ సెన్సర్ హీటరు తెగింది, మార్చారు. చూపించాకే మార్చారు.

తర్వాతి అయిదు ట్యాంకుల సగటు 16.2. పాత 16.8 రాలేదు. ఆ మిగిలిన మూడున్నర శాతం ఎథనాల్‌దని మా సహోద్యోగి ముందు ఒప్పుకున్నాను. ఆయన చాలా సంతోషించాడు.

ఒక్కటి మిగిలింది. ఉప్పు గాలి ఏడేళ్ల నుంచీ ఉంది, చిలుము మాత్రం ఆ ఏడే ఎందుకు పట్టింది? మేస్త్రీ చిరిగిన సీలు చూపించినప్పుడు, "ఎవరో దీంట్లోకి ప్రెషర్‌తో నీళ్లు కొట్టారు" అన్నాడు. ఎవరు కొట్టారా అని నోట్‌బుక్కు వెనక్కి తిప్పాను. 16.8 ఆఖరుసారి కనిపించిన పేజీలో, 2024 దసరా ముందురోజు తేదీతో, నా దస్తూరీలోనే ఒక పద్దు ఉంది. ఆయుధ పూజకి నిమ్మకాయలు, పూలు, గుమ్మడికాయ 180. దాని కింద, ఇంజిన్ వాష్ 250.